డొల్ల

షాలిబండ వెనక గల్లీలో
రెండర్రల పాత ఇల్లు కొన్నప్పుడు
గోడ మందం చూసి మురిసిన.
కిటికీల కూసుంటే
మోకాళ్లు కూడా లోపలే పట్టేవి.

మూడేండ్లల్ల మూడుసార్లు సిమెంటు పూయించిన.
మూడుసార్లూ వానాకాలం దాటంగనె
పొక్కులు లేసినయి,
తెల్లటి ఉప్పు
పిల్లి మీసాల్లెక్క బయటికొచ్చింది.
రంగుల షాపాయన ఇంకో డబ్బా అమ్మిండు.
నేను ఇంకో డబ్బా కొన్న.

ఈదమ్మ డబ్బా దిక్కు చూడనే లేదు.
చెప్పులిడిసి, కొంగు నడుముల చెక్కి,
వేలి కణుపుతో గోడను తట్టుకుంట నడిచింది,
సంతల కుండ బేరం చేసినట్టు.
టక్కు, టక్కు, టక్కు...
ఒకకాడ ఆగి
చెవి ఆనించింది.
"ఈడ డొల్ల" అన్నది.
బొగ్గుతో సున్న చుట్టింది.
పొద్దుగూకే వరకు నా గోడ మీద పదకొండు సున్నలు.

"సిమెంటు ఎవడు పెట్టిండు?
చెమట పోసే మనిషికి
రబ్బరు కోటు తొడిగినట్టున్నది."

గుంతల సున్నం నానేసి
పద్దెనిమిది రోజులు తాపీ ముట్టలే.
కరక్కాయలు బేగంబజార్ల తెచ్చిన.
బెల్లం మాత్రం నాలిక మీద పెట్టి చూసినంకనే తీసుకున్నది.
రెండూ నీళ్లల్ల పులిసినంక
ఇంటినిండా ఒక వాసన,
మామిడితాండ్రకు, తడిమట్టికి నడిమి వాసన.
పక్కింటి జహీరాబీ పరదా జరిపి
ఎవరికి వండుతున్నరని అడిగింది.
"గోడకు" అన్నది ఈదమ్మ.

గీకుడు మొదలైంది.
ముందు నేనేసిన క్రీము రంగు.
దాని కింద ఎవరిదో పిస్తా పచ్చ,
ఒక పెండ్లికి ఏసినట్టున్న గులాబి,
దాని కింద నీలిమందు కలిపిన సున్నం,
మళ్ల నీలం, మళ్ల నీలం.
చాన ఏండ్లు వాళ్లకు నీలం మీద మనసు మారలేదు.
అట్టడుగున
పెన్సిలు రాత.

ఉర్దూ. నాకు రాదు.
సున్నం అందిచ్చే మొయిన్
కూడబలుక్కుంట, తెలుగు చేసుకుంట చదివిండు:
"పెంటయ్య పాలు. పావుసేరు.
పావుసేరు. పావుసేరు.
సోమారం లేదు.
అర్ధసేరు, చుట్టాలు."
దాని కింద రెండు అడ్డగీతలు.
కూడిక లేదు.
ఇచ్చిండ్రో, ఎగ్గొట్టిండ్రో.

బస్సు డిపోల ఇరవై ఏండ్లు లెక్కలు రాసినోణ్ణి,
కూడిక లేని లెక్క చూస్తే నాకు నిద్ర పట్టదు.
"గీ జాగ ఇట్లనే ఉంచుదాం,
మీద అద్దం బిగిస్త" అన్న.
ఈదమ్మ మాట్లాడలే, కణుపుతో తట్టింది.
ఈసారి నాకూ వినబడ్డది.
పదకొండు సున్నలల్ల పెద్దది అదే.

ఫోటో తీసుకోమన్నది. తీసిన.
వెలుతురు సాలలే,
అండ్ల పాల లెక్క కంటె నా నీడే ఎక్కువ.

ఉలి ఒక్క దెబ్బకు
పావుసేర్లు, సోమారం, చుట్టాలు
గోనెపట్టా మీద కుప్ప.
ఊడ్చి పారబోస్తదనుకున్న.
రోట్ల దంచి, జల్లెడ పట్టి
కొత్త సున్నంల కలిపింది.
"పాతది కొంచెం పడాలె,
పాలల్ల తోడేసినట్టు."

మూడు పూతలు.
నడుమ నడుమ తడి గోనెలు.
ఆఖరికి గుండ్రాయితో రుద్దుతుంటే
గాజు ఒకటి చిట్లింది.
గోడను కాదు, గాజులోణ్ణి తిట్టింది.

రెండు రోజుల కూలి నా దగ్గర తక్కువపడ్డది.
శుక్రారం జీతమొస్తదని చెప్పిన.
ఏమనలే.
మంచం వెనకకు పోయే మూలన
తడి సున్నం మీద తాపీ మొనతో
రెండు గీతలు గీసింది.
"నువ్వు మర్సినా అది మరువది."

శుక్రారం ఇచ్చిన.
రెండుసార్లు లెక్కపెట్టి నడుముల చెక్కుకున్నది.
"మరి గీతలు?" అన్న.
వంగి, గోటితో గీకి చూసింది.
"ఎండింది" అన్నది. "ఇగ పోదు."